తల్లి కుడిచేయి: పికాసో గీసిన ఒక రేఖాచిత్రం

హార్వర్డ్ విశ్వవిద్యాలయపు ఫాగ్ మ్యూజియంలో పికాసో 1904లో నల్లని క్రేయాన్‌తో గీసిన ఒక రేఖాచిత్రం ఉంది. బిడ్డను ఎత్తుకున్న తల్లి, అదే కాగితం మీద ఆమె కుడిచేతికి వేరుగా నాలుగు అభ్యాస చిత్రాలు. పికాసో స్పెయిన్ దేశస్థుడే కాని, ఆ ఏడాదే పారిస్‌లో స్థిరపడ్డాడు. అతని 'నీలి దశ' ముగింపుకు వస్తున్న కాలమది.

ముఖాన్ని వదిలి చేతినే ఇన్నిసార్లు గీయడం వైద్యుడికి వింతగా తోచదు. పుట్టిన శిశువు పొడవులో దాదాపు నాలుగో వంతు తలే. మెడ నిలబడడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. అందాకా ఆ బరువును మోసేది ఎత్తుకున్నవారి అరచెయ్యే. పికాసో ఆ వేళ్ళను శరీరశాస్త్రం ఒప్పుకోనంత పొడుగ్గా సాగదీశాడు. ఆ అతిశయోక్తి నాకు నచ్చింది.

నీలి దశలోని తల్లుల వెనుక ఒక చోటు ఉంది. 1901లో పికాసో పారిస్‌లోని సేంట్ లజార్ కారాగారానికి వెళ్ళాడు. అక్కడి ఆసుపత్రిలో సుఖవ్యాధులున్న స్త్రీలను నిర్బంధంలో ఉంచి చికిత్స చేసేవారు. పాలు తాగే పిల్లలను తల్లుల దగ్గరే ఉండనిచ్చేవారు. అంతమాత్రాన 1904 నాటి ఈ స్త్రీకి జబ్బు అంటగట్టడం తగదు. బొమ్మలకు రోగనిర్ణయం చేయడం మా వృత్తివారికి ఉన్న ఒక దురలవాటు.

ఆ ఆసుపత్రి తల్లుల సంగతి వేరు. 1904 నాటికి సిఫిలిస్ (సవాయి) క్రిమిని ఎవరూ గుర్తించలేదు. షౌడిన్, హాఫ్‌మన్‌లు దాన్ని కనుగొన్నది 1905లో. వాసర్‌మన్ రక్తపరీక్ష 1906లో, సాల్వర్సాన్ మందు 1910లో వచ్చాయి. అంతవరకు ప్రధానమైన మందు పాదరసమే.

అయితే ఒక నియమం మాత్రం వైద్యులకు అప్పటికే తెలుసు. పుట్టుకతో సవాయి సోకిన బిడ్డకు పాలిస్తే దాదికి వ్యాధి అంటుతుంది, కన్నతల్లికి అంటదు. డబ్లిన్ శస్త్రవైద్యుడు ఏబ్రహం కాలిస్ 1837లో చెప్పిన మాట ఇది. తల్లికి ఏదో రక్షణ ఉందని చాలాకాలం నమ్మారు. నిజానికి ఆమెకు వ్యాధి ముందే సోకి, పైకి కనపడకుండా ఉండేది. ఆ గుట్టు తేలింది వాసర్‌మన్ పరీక్షతోనే. కారణం తప్పుగా ఊహించినా, ఆచరణలో వారు చెప్పినది సరైనదే: అలాంటి బిడ్డను దాదికి అప్పగించకూడదు, తల్లే పాలివ్వాలి. డబ్బున్న ఇళ్ళలో పసివాళ్ళను దాదుల చేతుల్లో పెట్టే ఆ రోజుల్లో, ఈ పిల్లలకు మాత్రం తల్లి చెయ్యి తప్ప వేరొకటి లేదు.