మొండికెత్తిన నూనె బిరడా

పాత జీపు వెనుక ఇరుసు నడుమ కుండవలె ఉబ్బియున్న భాగమును డిఫరెన్షియల్ అందురు. మలుపు తిరుగునపుడు బయటి చక్రము లోపలిదానికంటె ఎక్కువ దూరము పోవలెను. ఆ భేదమును సరిపుచ్చునవి ఇందలి పళ్ళచక్రములే. అవి నూనెలో మునిగి తిరుగకున్నచో కాగి అరిగిపోవును.

సాధారణముగా నూనె పోయు రంధ్రము ప్రక్కను, విడుచు రంధ్రము అడుగునను ఉండును. ఒకమారు మేము తొందరపడి అడుగు బిరడాను ముందు విప్పించితిమి. నూనె యంతయు కారిపోయెను. పోయు బిరడా మాత్రము త్రుప్పుపట్టి కదలదాయె! బండి రెండు దినములు కదలక నిలిచెను. కావున విద్యార్థులారా, మీ ఇంట ఇట్టి బండి యున్నచో పోయు బిరడా ఊడివచ్చిన పిమ్మటనే అడుగుదానిని ముట్టనిండు.

మొండిబిరడా చుట్టునున్న మట్టిని తీగబ్రష్షుతో గోకి, త్రుప్పు వదలించు నూనె పోసి రాత్రియంతయు నుంచవలెను. సుత్తితో మెల్లగా తట్టినచో పట్టు సడలును. కొలతకు సరిపడు స్పానరే వాడవలెను; వదులుది బిరడా మూలలను అరగదీయును. రంధ్రమున గడ్డకట్టిన జిడ్డున్నచో లోనికి నెట్టక బయటికి లాగవలెను. లోపలపడిన ముక్క పళ్ళనడుమ చేరును. పిదప బండిని సమతలమున నిలిపి, గేరు నూనెను రంధ్రపు క్రిందియంచు తాకువరకు పోసి బిరడా బిగింపవలెను.