లోటు తెలిస్తేనే ఎంజైము ఔషధం

ఐర్లండ్‌లోని మందుల దుకాణాల్లో ఎంజైములు రెండు చోట్ల ఉంటాయి. వైద్యుడి చీటీ చూపితే లోపలి నుంచి తెచ్చి ఇచ్చేవి కొన్ని. విటమిన్ల పక్కన, ఎవరైనా తీసుకోగలిగిన అరలో ఉండేవి మరికొన్ని. మొదటి రకం పంది క్లోమం నుంచి తయారైన గుళికలు. రెండవ రకంలో బొప్పాయి నుంచి తీసిన పపైన్, అనాస నుంచి తీసిన బ్రొమెలైన్, శిలీంధ్రాల నుంచి తీసిన ఎమైలేజ్ వంటివి పది పన్నెండు కలిసి ఉంటాయి. వీటికి తోడు, ఇక్కడి తెలుగువారి ఇళ్ళలో స్వదేశం నుంచి పెట్టెలో తెచ్చుకున్న జీర్ణ సిరప్ సీసా కూడా తరచు కనిపిస్తుంది. “భోజనం తర్వాత పొట్ట బరువుగా ఉంటోంది, ఎంజైములు వాడవచ్చా?” అని వైద్యుణ్ణి అడిగేవారు చాలామంది. ఈ ప్రశ్నకు సమాధానం మరొక ప్రశ్నలో ఉంది: మీ శరీరంలో ఏ ఎంజైము తక్కువైంది?

ఈ రెండవ ప్రశ్న వేసుకోకుండా ఎంజైములు వాడితే చాలాసార్లు డబ్బు వృథా అవుతుంది. కొన్నిసార్లు గుర్తించవలసిన వ్యాధి గుర్తింపునకు రాకుండా నెలలు గడిచిపోతాయి. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ రెండవ ప్రమాదం గురించి.

క్లోమం దగ్గరున్న నిల్వ

లాలాజలంలోని టయలిన్ పిండిపదార్థంపై, జఠరరసంలోని పెప్సిన్ మాంసకృత్తులపై పనిచేస్తాయని తెలుగు మాధ్యమంలో చదువుకున్నవారికి జీవశాస్త్ర పాఠం గుర్తుండే ఉంటుంది. అయితే జీర్ణక్రియలో ప్రధాన భారం క్లోమానిది. అది రోజుకు ఒకటి నుంచి రెండు లీటర్ల రసాన్ని చిన్నప్రేగు మొదటి భాగంలోకి పంపుతుంది. కొవ్వును విడగొట్టే లైపేజ్, పిండిని విడగొట్టే ఎమైలేజ్, మాంసకృత్తులను విడగొట్టే ట్రిప్సిన్ అందులోనే ఉంటాయి. జఠరం నుంచి వచ్చే ఆమ్లాన్ని తటస్థపరిచే బైకార్బనేట్ కూడా అందులోనే ఉంటుంది.

ప్రకృతి ఈ విషయంలో ఉదారంగా వ్యవహరించింది. 1973లో డిమాగ్నో, ఆయన సహచరులు అమెరికాలో ప్రచురించిన పరిశోధన ప్రకారం, లైపేజ్ స్రావం సహజస్థాయిలో పదోవంతుకు పడిపోయేదాకా మలంలో కొవ్వు పెరగదు. అంటే క్లోమం తన శక్తిలో నూటికి 90 వంతులు కోల్పోయేవరకు కొవ్వు జీర్ణం కావడం ఆగదు. ఆరోగ్యవంతుడైన మనిషి పెళ్ళి భోజనం చేసి ఆయాసపడుతుంటే, దానికి కారణం ఎంజైముల కొరత కాదు. జఠరం నిండిపోవడం, అది మెల్లగా ఖాళీ కావడం, నూనె ఎక్కువ కావడం వంటివి కారణాలు. నిండుగా ఉన్న చెరువులో మరో బిందె నీళ్ళు పోస్తే మట్టం పెరగదు.

ఐర్లండ్ అనుభవం

నిజంగా చెరువు ఎండినప్పుడు ఏమవుతుందో ఐర్లండ్‌కు తెలిసినంతగా మరే దేశానికీ తెలియదు. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జన్యువ్యాధి జనాభా నిష్పత్తిలో ప్రపంచంలోనే ఇక్కడ అత్యధికం. ఈ దేశంలో సుమారు ప్రతి 19 మందిలో ఒకరు ఆ లోపజన్యువుకు వాహకులు. వాహకులకు వ్యాధి ఉండదు. కాని తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. 19ని 19తో, ఆపై 4తో గుణిస్తే 1,444 వస్తుంది. ఇక్కడ పుట్టే బిడ్డల్లో దాదాపు 1,400 మందికి ఒకరికి ఈ వ్యాధి ఉంటుందన్న లెక్కకు ఇది సరిపోతుంది. 2011 నుంచి నవజాత శిశువుల మడమ నుంచి తీసే రక్తపు చుక్కతోనే ఈ వ్యాధికీ పరీక్ష చేస్తున్నారు. ఐర్లండ్‌లో పుట్టే తెలుగు బిడ్డలకు కూడా ఈ పరీక్ష జరుగుతుంది.

1989లో కనుగొన్న ఈ జన్యువు ఏడవ క్రోమోజోముపై ఉంది. కణాల పొరలో క్లోరైడ్, బైకార్బనేట్ అయాన్లు దాటే ద్వారాన్ని అది నిర్మిస్తుంది. ఆ ద్వారం పనిచేయకపోతే స్రావాలు చిక్కబడతాయి. ఊపిరితిత్తుల్లో కఫం గడ్డకడుతుంది. క్లోమనాళాలు మూసుకుపోయి, లోపలి ఎంజైములు బయటకు రాలేక, క్లోమకణజాలమే నశించి నారగా మారుతుంది. తల్లి గర్భంలో ఉండగానే ఇది మొదలవుతుంది. న్యూయార్క్‌లోని పిల్లల ఆసుపత్రిలో శవపరీక్షలు చేసిన డొరొతీ ఆండర్సన్ 1938లో ఈ వ్యాధిని తొలిసారి సమగ్రంగా వర్ణించినప్పుడు, క్లోమంలోని ఈ మార్పులను బట్టే దానికి పేరు పెట్టింది. ఈ వ్యాధి ఉన్నవారిలో నూటికి సుమారు 85 మందికి క్లోమ ఎంజైములు బయటినుంచి అందించక తప్పదు.

ఎంజైము ప్రాణాలతో ఎంత ముడిపడి ఉందో చూపే ఉదాహరణ కెనడా నుంచి ఉంది. ఒకప్పుడు ఈ పిల్లలకు కొవ్వు తగ్గించిన ఆహారమే పెట్టేవారు. టొరంటో వైద్యులు అందుకు భిన్నంగా కొవ్వు పుష్కలంగా పెట్టి, దానికి తగినన్ని ఎంజైములు ఇచ్చారు. 1988లో ప్రచురించిన పోలికలో బాస్టన్ రోగుల మధ్యస్థ ఆయుర్దాయం 21 ఏళ్ళు కాగా, టొరంటో రోగులది 30 ఏళ్ళు. ఊపిరితిత్తుల పనితీరు రెండు చోట్లా ఇంచుమించు ఒకే విధంగా ఉంది. ప్రధానమైన తేడా పోషణలో కనిపించింది. లోటును సరిగా పూడ్చిన ఎంజైము సాధించగలిగిన ఫలితం ఇది.

గుళికలోని ఏర్పాటు

వైద్యుడు రాసే గుళిక పనిచేసే తీరు చూస్తే, సీసాలోని సిరప్‌కూ దానికీ ఉన్న అంతరం తెలుస్తుంది. లైపేజ్ ఆమ్లానికి తట్టుకోలేదు. జఠరంలో నేరుగా పడితే శాశ్వతంగా చెడిపోతుంది. అందుకే దాన్ని ఆమ్లంలో కరగని పూతతో ఆవాలంత గింజలుగా చేసి గుళికలో నింపుతారు. ఆ గింజలు అన్నంతో కలిసి చిన్నప్రేగుకు చేరాక, ఆమ్లం తగ్గినచోట పూత కరిగి ఎంజైము విడుదలవుతుంది. కనుక గుళికను భోజనం మొదట్లోనూ మధ్యలోనూ తీసుకోవాలి. భోజనమైన తర్వాత వేసుకుంటే అన్నం ముందే వెళ్ళిపోతుంది. గింజలను నమలకూడదు. వేడి టీతో మింగకూడదు. వేడికి ఎంజైము నశిస్తుంది. మన వాళ్ళు ఎక్కువగా పాటించని జాగ్రత్త ఇదే.

మోతాదును లైపేజ్ యూనిట్లలో లెక్కిస్తారు. క్లోమం దెబ్బతిన్న పెద్దలకు సాధారణంగా ఒక భోజనానికి 50,000 యూనిట్లతో మొదలుపెడతారు. ఎక్కువైతే మంచిదే అనుకోరాదు. అధిక మోతాదు గుళికలు వాడిన కొందరు పిల్లలకు పెద్దప్రేగు ఇరుకైపోయిందని 1994లో లివర్‌పూల్ వైద్యులు వెల్లడించారు. ఆ తర్వాత సిస్టిక్ ఫైబ్రోసిస్‌లో రోజుకు కిలో శరీరబరువుకు 10,000 యూనిట్లు దాటరాదన్న హద్దు ఏర్పడింది. ఈ గుళికలు పంది క్లోమం నుంచి వస్తాయి కనుక శాకాహారులకూ ముస్లింలకూ సంకోచం కలగడం సహజం. వైద్యుడు ఆ సంగతి ముందే చెప్పాలి, రోగి తన అభ్యంతరాన్ని దాచకూడదు. మాట్లాడకుండా మందు మానేస్తే నష్టపోయేది రోగే.

తెలుగు నేల మీద క్లోమవ్యాధి

సిస్టిక్ ఫైబ్రోసిస్ మనవారిలో అరుదు అనుకున్నా, క్లోమం ఎండిపోవడం మనకు కొత్త కాదు. మద్యం ముట్టని యువతీయువకుల్లో క్లోమనాళాల్లో రాళ్ళు ఏర్పడి, పదేపదే కడుపునొప్పి, ఆపై మధుమేహం వచ్చే ఒక వ్యాధి దక్షిణ భారతదేశంలో ఉంది. కేరళలో గీవర్గీస్ దీన్ని విస్తృతంగా అధ్యయనం చేశారు. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు 2002లో ఈ రోగుల్లో స్పింక్1 అనే జన్యువులో మార్పులను గుర్తించారు. ట్రిప్సిన్ క్లోమంలోపలే ముందుగా పనిచేయడం మొదలుపెట్టకుండా కాపలా కాసే ప్రోటీనును తయారుచేసేది ఈ జన్యువే. కాపలా బలహీనమైతే క్లోమం తనను తానే జీర్ణం చేసుకుంటుంది.

క్లోమం చివరిదశలో దెబ్బతింటే మలం జిడ్డుగా, పాలిపోయి, దుర్వాసనతో, నీటిపై తేలుతూ ఉంటుంది. కాని తక్కువ నూనెతో అన్నం, చారు తినేవారిలో ఈ లక్షణం బయటపడకపోవచ్చు. పరీక్షించడం కష్టం కాదు. మలంలో ఎలాస్టేజ్ అనే ఎంజైమును కొలుస్తారు. గ్రాముకు 200 మైక్రోగ్రాముల కంటే తక్కువైతే అనుమానించాలి, 100 కంటే తక్కువైతే లోటు తీవ్రం.

పాల దేశంలో మనం

ఎంజైము లోటుకు మరో ఉదాహరణ పాలు. పాలలోని చక్కెర లాక్టోజును లాక్టేజ్ అనే ఎంజైము విడగొడుతుంది. ప్రపంచంలో ఎక్కువమందికి బాల్యం తర్వాత అది తగ్గిపోతుంది. ఐరిష్ ప్రజల్లో మాత్రం అత్యధికులకు జీవితాంతం నిలిచి ఉంటుంది. శతాబ్దాలుగా పాలు, వెన్న మీద బతికిన పాడిదేశం ఇది. 1981లో ప్రచురితమైన ఒక పరిశోధనలో ఢిల్లీ ప్రాంతంవారిలో నాలుగోవంతుకు కాస్త పైన, దక్షిణ భారతీయుల్లో దాదాపు మూడింట రెండు వంతుల మందికి లాక్టోజు సరిపడలేదు. కనుక డబ్లిన్ కార్యాలయంలో ఐరిష్ సహోద్యోగి పెద్ద గ్లాసు పాలు తాగి హాయిగా ఉంటే, మనకు పొట్ట ఉబ్బరించడం వ్యాధి కాదు, వారసత్వం.

ఇక్కడ ఎంజైము బిళ్ళకు నిజంగా పని ఉంది. 2012లో యూరోపియన్ కమిషన్ అనుమతించిన ఆరోగ్య ప్రకటనల జాబితాలో లాక్టేజ్‌కు చోటు దక్కింది, లాక్టోజు ఉన్న ప్రతి భోజనంతోనూ కనీసం 4,500 యూనిట్లు తీసుకోవాలన్న షరతుతో. అదే జాబితాలో సజీవ బాక్టీరియా ఉన్న పెరుగు కూడా ఉంది. పెరుగులోని బాక్టీరియా తమ లాక్టేజ్‌ను తామే తెచ్చుకుంటాయి. పాలు పడని తెలుగువాడు మజ్జిగన్నం తిని సుఖంగా నిద్రపోవడానికి కారణం ఇదే.

పప్పులతో వచ్చే వాయువు కూడా ఇటువంటిదే. కంది, శనగ, రాజ్మాల్లో ఉండే రాఫినోజ్ వంటి చక్కెరలను విడగొట్టే ఆల్ఫా-గలాక్టొసిడేజ్ మనిషి ప్రేగులో అసలు తయారుకాదు. ఆ ఎంజైము బిళ్ళ కొందరికి ఉపశమనం ఇస్తుంది. గింజలను నానబెట్టి ఆ నీళ్ళు పారబోసినా ఆ చక్కెరలు కొంత తగ్గుతాయి.

ఎంజైము కప్పిపుచ్చే వ్యాధి

ఇక అసలు ప్రమాదం. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లోని గ్లూటెన్ వల్ల చిన్నప్రేగు లోపలి పొర దెబ్బతినే సీలియాక్ వ్యాధికి పశ్చిమ ఐర్లండ్ చిరకాలంగా ప్రసిద్ధి. గాల్వే వైద్యులు అక్కడి రోగుల లెక్కను 1973లోనే ప్రచురించారు. ఈ వ్యాధిలో లోపించేది ఎంజైము కాదు. శరీర రక్షణవ్యవస్థే ప్రేగుపై దాడి చేస్తుంది. గ్లూటెన్‌ను విడగొడతాయని చెప్పే బిళ్ళలు దుకాణాల్లో ఉన్నాయి. ఆ కోవకే చెందిన లాటిగ్లుటెనేజ్ అనే ఎంజైమును రోగులపై పరీక్షించి 2017లో ఫలితాలు ప్రచురించారు. ప్రేగుపొరను బాగుచేయడంలో అది ఉత్తుత్తి మందును మించలేదు. గ్లూటెన్‌ను పూర్తిగా మానడమే నేటికీ చికిత్స. రక్తపరీక్షతో అనుమానం నిర్ధారించుకోకముందే గోధుమ మానేస్తే పరీక్ష తప్పుగా రావచ్చునన్నది కూడా గుర్తుంచుకోవాలి.

అరలోని మిశ్రమ ఎంజైముల సంగతి వేరు. ఐర్లండ్‌లో అవి ఔషధాలు కావు, ఆహార అనుబంధాలు. అమ్మకానికి ముందు ఆహార భద్రతా సంస్థకు తెలియజేస్తే చాలు, పనిచేస్తాయని నిరూపించనక్కరలేదు. మన సిరప్‌లలో పెప్సిన్, డయాస్టేజ్ ఒకే సీసాలో ఉంటాయి. పెప్సిన్‌కు గాఢమైన ఆమ్లం కావాలి, డయాస్టేజ్‌కు అదే ఆమ్లం శత్రువు. రెండూ జఠరంలో ఒకేచోట చక్కగా పనిచేయడం కష్టం.

“ప్రేగుల ఆరోగ్యం” అన్న మాటకు అర్థం వెతికేవారు కార్క్ విశ్వవిద్యాలయ పరిశోధనలు చూడవచ్చు. అక్కడి బృందం 2012లో వృద్ధుల ప్రేగుల్లోని సూక్ష్మజీవులను పరిశీలించింది. ఇంట్లో ఉంటూ రకరకాల ఆహారం తినేవారి కంటే దీర్ఘకాలిక సంరక్షణ గృహాల్లో ఉండేవారిలో సూక్ష్మజీవుల వైవిధ్యం తక్కువగా ఉంది. ఆ తేడా ఆహారంతోనూ, శారీరక దౌర్బల్యంతోనూ ముడిపడి ఉంది. కూరగాయలు, పప్పులు, ముడిధాన్యాలు, పెరుగు ఉన్న కంచానికి బదులుగా నిలిచే బిళ్ళ ఏదీ లేదు.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఇద్దరు సోదరులు కొద్దిరోజుల తేడాతో స్ప్రూ వ్యాధితో చనిపోయారు. ఆహారసారం ఒంటబట్టక మనిషి క్షీణించే వ్యాధి అది. ఆయనకూ అది సోకి, ఆచంట లక్ష్మీపతి చికిత్సతో బతికారు. తర్వాత అమెరికాలో లెడర్లీ సంస్థలో ఆయన నాయకత్వాన ఫోలిక్ ఆమ్లాన్ని వేరుచేసి, కృత్రిమంగా తయారుచేశారు. స్ప్రూ రోగుల రక్తహీనతకు అది మందయింది. ఆ రోగులకు అజీర్ణం ఉన్నమాట నిజమే. కాని వారికి లోపించింది ఎంజైము కాదు, విటమిన్.

కనుక పొట్ట బరువుగా ఉందని బిళ్ళ కొనేముందు కొన్ని లక్షణాలు చూసుకోవాలి. ప్రయత్నించకుండానే బరువు తగ్గడం, జిడ్డు మలం, మలంలో రక్తం, నిద్ర లేపే విరేచనాలు, కారణం తెలియని రక్తహీనత, యాభై దాటాక కొత్తగా మధుమేహం వచ్చి బరువు కూడా తగ్గడం: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా దుకాణానికి కాదు, కుటుంబ వైద్యుడి దగ్గరకు వెళ్ళాలి. చివరి లక్షణం కొన్నిసార్లు క్లోమ క్యాన్సర్‌కు తొలి సూచన. ఇవేవీ లేకపోతే రెండు వారాలు ఏం తిన్నారో, ఎప్పుడు ఇబ్బంది కలిగిందో కాగితం మీద రాసుకోండి. పాలా, పప్పా, రాత్రి పదిగంటల భోజనమా అన్నది చాలావరకు ఆ కాగితమే చెబుతుంది. ఇప్పటికే ఏదైనా సిరప్ వాడుతుంటే, ఆ సీసాను కూడా వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్ళండి.