చెరువు మీద మా ఇల్లు

మద్రాసులో మాంబళం స్టేషను దిగి, రంగనాథన్ వీధిలో ఎప్పుడైనా నడిచారా? నడవడమన్నది మాటవరసకు. అక్కడ మనం కాళ్ళు కదపనక్కరలేదు. జనమే మోసుకుపోయి ఉస్మాన్ రోడ్డులో దింపుతారు. ఆ వీధిలో పట్టుచీర నుంచి పిన్నీసు దాకా సమస్తమూ దొరుకుతుంది. దొరకనిదల్లా నిలబడడానికి జానెడు చోటు.

నా చిన్నతనంలో అదే వీధిలో కాపురాలుండేవంటే మా మనవరాలు నమ్మదు. "తరువాత గేదె కథ చెబుతావు, అంతేగా అమ్మమ్మా?" అంటుంది.

చెబుతాను మరి! త్యాగరాయనగరంలో పాలవాడు గేదెను మా గుమ్మం ముందుకే తోలుకొచ్చి పితికేవాడు. పితికే ముందు మా అమ్మ అతని చెంబు బోర్లించి చూపించమనేది, అడుగున నీళ్ళు దాచాడేమోనని. అతను నవ్వుతూ బోర్లించేవాడు. ఇద్దరిదీ ఇరవై ఏళ్ళ అపనమ్మకం. ఇరవై ఏళ్ళ స్నేహం కూడా అదే.

అరవపేట అంటారు గాని, ఆ పేట మీద మనవాళ్ళ ముద్ర తక్కువేమీ కాదు. పేరే పిట్టి త్యాగరాయ చెట్టిగారిది. నడిబొడ్డునున్న పార్కు పేరు పానగల్లు రాజాగారిది. 1921 నుంచి 1926 దాకా మద్రాసు రాజధానిలో ప్రభుత్వం నడిపిన పానగంటి రామరాయణింగారే ఆయన. జి.ఎన్. చెట్టి రోడ్డులో నాగయ్యగారు నెలకొల్పిన వాణీమహల్. ఉస్మాన్ రోడ్డులో ఘంటసాలగారు. మాకు దగ్గరలోనే, బజుల్లా రోడ్డులో రామారావుగారు. 1957లో మాయాబజార్, 1960లో శ్రీ వెంకటేశ్వర మహాత్మ్యం వచ్చాక ఇక చూసుకోండి! తిరుపతి కొండ దిగిన యాత్రికులు బోడిగుండ్లతో బస్సులెక్కి, తిన్నగా ఆయన ఇంటి ముందు దిగేవారు. కొండ మీద దర్శనమయింది, ఇక్కడ రెండో దర్శనమన్న మాట. ఎండలో నిలబడి దాహమేసిన పిల్లల తల్లులు మా సందులోకి వచ్చేవారు. వాళ్ళకు నీళ్ళు తోడి పొయ్యడం నా వంతు. ఎన్ని చేదలు లాగానో, నా అరచేతుల కాయలకే తెలుసు.

ఆ నుయ్యి సంగతి చెప్పాలనే ఇదంతా.

నాన్నగారు నెల్లూరు నుంచి వచ్చి, స్థలం కొని, ముందు నుయ్యి తవ్వించి తరువాత ఇల్లు కట్టారు. పన్నెండడుగులకే నీళ్ళు పడ్డాయట. తవ్విన మట్టి నల్లగా, జిగటగా, నిండా నత్తగుల్లలతో వచ్చిందట. ఒక గుల్లను ఆయన బీరువాలో దాచారు. "మన ఇల్లు చెరువు కడుపులో ఉందమ్మా" అని అది చూపించేవారు.

అక్షరాలా నిజం. నుంగంబాకం నుంచి సైదాపేట దాకా సుమారు 6 కిలోమీటర్ల పొడుగున, కొడవలిలా వంపు తిరిగిన పెద్ద చెరువు ఒకటి ఉండేది. దొరలు లాంగ్ టాంకు అనేవారు. నగరం పెరిగి ఇళ్ళకు చోటు చాలక, 1920 దశకంలో దాన్ని ఎండగట్టి మా పేట వేశారు. రైలు కట్టకు ఆవల, పడమటి మాంబళంలో లేక్ వ్యూ రోడ్డు ఉంది. లేకూ లేదు, వ్యూ కూడా లేదు. నుంగంబాకంలో టాంక్ బండ్ రోడ్డు ఉంది, టాంకు లేదు.

ఇది తెలిసిన నాటి నుంచి, "అయ్యో, మా పేట పాడైపోయిందే!" అనాలంటే నాకు నోరు రాదు. మేము పచ్చని చెట్ల నీడలో ఆడుకున్న పేట, అంతకుముందెవరికో ఎండబెట్టిన చెరువు. ఆ చెరువు నీళ్ళతో మడి తడుపుకున్నవాళ్ళు మా ఇళ్ళను చూసి ఏమనుకున్నారో!

1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చాక కొందరు బంధువులు తరలిపోయారు. తరువాత సినిమావాళ్ళు ఒక్కొక్కరే హైదరాబాదు దారి పట్టారు. మా తమ్ముడూ వెళ్ళాడు. మా వారి ఉద్యోగం ఇక్కడే కనుక నేను అమ్మానాన్నల దగ్గరే ఉండిపోయాను. 1983లో రామారావుగారు ముఖ్యమంత్రిగా, మద్రాసుకు కృష్ణా జలాల కోసం ఎం.జి. రామచంద్రన్‌గారితో ఒప్పందం చేసుకున్నప్పుడు, "ఆయన యాత్రికులకు మనం పోసిన నీళ్ళ బాకీ తీరుస్తున్నాడే!" అని అమ్మ మురిసిపోయింది. ఆ నీళ్ళు 1996లో పూండి జలాశయం చేరాయి. అప్పటికి ఆయన లేరు.

2003లో ఇంటింటా వాననీరు ఇంకించి తీరాలని ప్రభుత్వం ఉత్తరువు చేసింది. మా వారు డాబా మీది వానను గొట్టంతో నూతిలోకే దించారు. అంతకుముందు వేసవుల్లో అడుగంటిన నుయ్యి, రెండు వానకాలాలు గడిచేసరికి మళ్ళీ తేరుకుంది.

2015 డిసెంబరు మొదటి తేదీన కురిసిన వాన మీకూ గుర్తుండే ఉంటుంది. ఆ రాత్రి మా ఇంట్లో మోకాటి లోతు నీళ్ళు. దీపాల్లేవు. మంచాల మీద కుర్చీలు, కుర్చీల మీద బియ్యం డబ్బాలు. చెరువు తన పాత చోటు చూసుకుపోదామని వచ్చినట్టుంది.

గోడలు ఉబ్బిపోయాయి. బాగు చేయించే ఓపిక నాకు లేదు. ఉమ్మడి ఆస్తి కనుక తమ్ముడు వచ్చి, పడగొట్టి అపార్టుమెంట్లు కట్టించడానికి బేరం కుదిర్చాడు. అన్నిటికీ తలూపాను. అరుగు పోనీ, సన్నజాజి పందిరి పోనీ. కట్టేవాళ్ళ ఇంజనీరు మాత్రం, "నుయ్యి పూడిస్తే రెండు కార్లు నిలుస్తాయమ్మా" అన్నాడు.

"నుయ్యి ఉంటేనే సంతకం" అన్నాను.

"అక్కయ్యా! రెండు కార్ల చోటంటే ఎన్ని లక్షలో తెలుసునా? ఎలాగూ బోరు వేస్తారు. నీ బెంగ కోసం అందరం నష్టపోవాలా?" అని విసురుగా లేచి వెళ్ళిపోయాడు తమ్ముడు.

ఆరు నెలలు మాటల్లేవు. సంక్రాంతికి కూడా ఫోను లేదు. నిజం చెప్పొద్దూ, ఒక రాత్రి సంతకం పెట్టేద్దామనే అనుకున్నాను. తోడబుట్టినవాడికంటే ఒక గొయ్యి ఎక్కువా? కాని తెల్లవారి నూతి గట్టున నిలబడితే మనసొప్పలేదు. అరుగు మీద నాది బెంగే, ఒప్పుకుంటాను. నుయ్యి మాత్రం నా ఒక్కదానిది కాదు, రేపు ఆ చోట కాపురముండేవాళ్ళది. చివరికి తమ్ముడే సణుగుతూ దిగివచ్చాడు.

2018లో పన్నెండు కాపురాలు దిగాయి. లిఫ్టులో ఎదురైతే అందరూ చేతిలోని ఫోను చూసుకునేవారే. గేదెవాడికి, అమ్మకి ఉన్న అపనమ్మకం పాటి చుట్టరికం కూడా లేదు.

2019 జూన్ వచ్చింది. నగరానికి నీళ్ళిచ్చే జలాశయాలు ఎండిపోయాయి. కొళాయిలు మూగపోయాయి. నీళ్ళ లారీకి డబ్బు కట్టినా వారం వాయిదా. మా బోరు ఇసుక కక్కింది. నూతిలో మాత్రం నడుం లోతు నీళ్ళున్నాయి!

మోటారు వేస్తే గంటలో అడుగు కనిపిస్తుందని గిలక బిగించాము. కాపురానికి రోజుకు ఆరు బిందెలని వంతులు వేశాము. మూడో అంతస్తు కంప్యూటరు అబ్బాయి మొదటి రోజే చేద నూతిలో వదిలేశాడు. పాతాళగరిగె అంటే ఏమిటో అప్పుడు చూశాడు పాపం! ఎవరింట్లో పసిబిడ్డ ఉందో, ఎవరి అత్తగారు మంచాన పడ్డారో ఆ గట్టు దగ్గరే అందరికీ తెలిసింది. పసిబిడ్డ ఇంటికి ఏడో బిందె ఇవ్వాలని ఎవరూ తీర్మానం చెయ్యలేదు, ఇచ్చేశారు, అంతే.

ఒకనాటి రాత్రి హైదరాబాదు నుంచి ఫోను.

"అక్కయ్యా, నూతిలో నీళ్ళున్నాయా?"

"ఉన్నాయిరా. నడుం లోతు."

కాసేపు ఉలుకూ పలుకూ లేదు. తరువాత, "నాన్నగారు మంచి చోట తవ్వించారే" అన్నాడు.

పాత రోజులు తిరిగి రావాలని నేను కోరను. గేదె ఇక గుమ్మంలోకి రాదు. ఇళ్ళు పడతాయి, మేడలు లేస్తాయి, తప్పదు. పడగొట్టే ముందు అడుగున ఏముందో ఒక్కసారి చూసుకుంటే చాలు.

ఈ మధ్య మా మనవరాలు గేదె కథను వెక్కిరించడం మానేసింది. చెరువు కథ చెప్పమంటోంది.