అరిగిన ఇంజనుకు మరో జన్మ

పాత జీపు ఒకటి ఎత్తు ఎక్కుతుంటే సైలెన్సరు నుండి నీలిరంగు పొగ రావడం మీరెప్పుడైనా చూశారా? "ఇంజను బోరింగుకు వచ్చింది" అంటాడు మెకానిక్కు. బోరింగు అంటే సిలిండరు లోపలి గోడను చెక్కడం. అరిగిన ఇనుమును ఇంకా చెక్కితే ఇంజను బాగుపడుతుందా? వింతగా ఉంది గదూ! ఒక పాత స్పోర్ట్సు కారు ఇంజను విప్పి చూద్దాం.

ఆ కారు పేరు ఎం.జి.బి. 1962 నుండి 1980 వరకు ఇంగ్లండులోని ఆబింగ్డన్ పట్టణంలో 5 లక్షలకు పైగా తయారయ్యాయి. దాని ఇంజనుకు 4 సిలిండర్లు. ఒక్కొక్కదాని లోపలి వ్యాసం 80.26 మిల్లీమీటర్లు.

ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే, ప్రతి పిస్టనూ ఆ నిమిషంలో 6,000 సార్లు ఆగి వెనుదిరుగుతుంది. పైకొసన ఆగినప్పుడు వేడి ఎక్కువ, వాయువుల ఒత్తిడి ఎక్కువ, నూనె పొర పలచన. అందుకే సిలిండరు గోడ అక్కడే ఎక్కువగా అరుగుతుంది. గుండ్రని రంధ్రం కాస్తా కోలగా మారుతుంది. ఆ సందులోంచి నూనె పైకి చేరి మండుతుంది. అదే నీలి పొగ!

కొత్త రింగులు వేస్తే చాలదా? చాలదు. వంకరపోయిన రంధ్రానికి గుండ్రని రింగు అంతటా అతుక్కోదు. కనుక ముందు రంధ్రాన్ని యంత్రంతో చెక్కి గుండ్రంగా చేస్తారు. తరువాత ఆ కొలతకు సరిపోయే పెద్ద పిస్టను వేస్తారు.

పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్టు సంగతి దీనికి తలకిందులు. అరిగిన ఇరుసును సాన పట్టి నునుపు చేస్తే అది సన్నబడుతుంది. కాబట్టి దాని చుట్టూ మందమైన బేరింగులు వేస్తారు. ఇరుసుకూ బేరింగుకూ మధ్య ఉండవలసిన సందు ఒక తల వెంట్రుక మందాన్ని మించదు. అంతకు మించితే నూనె బయటకు జారిపోయి, దాని ఒత్తిడి పడిపోతుంది. ఇరుసు దడదడలాడుతుంది.

మరి ఇలా ఎన్నిసార్లు చెక్కవచ్చు? ఎం.జి.బి. సిలిండరుకు దొరికే పెద్ద పిస్టన్లలో ఒకటి అసలుకన్నా సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు ఎక్కువ. అది వేస్తే 1798 ఘన సెంటీమీటర్ల ఇంజను సుమారు 1868కి పెరుగుతుంది! కాని చెక్కినకొద్దీ గోడ పలచనవుతుంది. గోడకు అవతల ఇంజనును చల్లబరచే నీరు ఉంటుంది. ఇక చెక్కడానికి చోటు లేకపోతే, రంధ్రాన్ని పెద్దది చేసి లైనరు అనే కొత్త ఇనుప గొట్టాన్ని బిగిస్తారు. దాని లోపలిభాగం మళ్ళీ 80.26 మిల్లీమీటర్లే!

అందుకే మంచి పనివాడు ముందు మైక్రోమీటరు పట్టుకుంటాడు. పైన, మధ్యన, కింద, అడ్డంగా, నిలువుగా కొలుస్తాడు. అరుగుదల పోయేందుకు ఎంత అవసరమో అంతే చెక్కుతాడు. ఎందుకంటే, చెక్కిన లోహం తిరిగి రాదు గదా!