ఒంట్లోనూ ఉందో గాలిగది

మిరప చేలో మందు కొట్టే చేతి పంపును గమనించారా? లీవరును ఊపినప్పుడే మందు పైకొస్తుంది. అయినా నాజిల్ దగ్గర తుంపర మాత్రం తెగకుండా పడుతూనే ఉంటుంది. లోపలున్న గాలిగది చేసే పని అది. ఊపుకు నొక్కుకుపోయిన గాలి, ఊపు ఆగిన క్షణంలో మళ్లీ విచ్చుకుని మందును తోస్తుంది. మన ఒంట్లో ఆ పని చేసేది గుండె నుంచి బయలుదేరే బృహద్ధమని. గుండె కొట్టినప్పుడు సాగుతుంది, కొట్టని క్షణంలో ముడుచుకుని రక్తాన్ని ముందుకు పంపుతుంది. ఇలాంటి పోలికనే స్టీఫెన్ హేల్స్ అనే ఇంగ్లండు మతాచార్యుడు 1733లో చెప్పాడు. ఆయన చూపింది మంటలార్పే యంత్రాన్ని.

★ గుండె రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది. ధమనికి సాగే గుణమిచ్చే ఎలాస్టిన్ చాలావరకు చిన్నతనంలోనే తయారైపోతుంది. అరవై ఏళ్లు సాగీ సాగీ ఆ పోగులు పత్తి నూలులాగే తెగుతాయి, వాటి చోట బిరుసైన కొల్లాజెన్ పేరుకుంటుంది. పెద్దవాళ్లలో చాలామందికి పై బీపీ 160కి ఎక్కినా కింది బీపీ 70 దగ్గరే ఉండిపోవడానికి ముఖ్య కారణం ఇదే.

★ నాళం ఎంత బిరుసెక్కిందో కొలవొచ్చు. మెడ దగ్గర, గజ్జల దగ్గర నాడి పట్టి, రెండిటి మధ్య నాడి అల ఎంత వేగంగా పరుగెత్తిందో చూస్తారు. సెకనుకు 10 మీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. గట్టి గొట్టంలో అల తొందరగా పోతుంది మరి.

★ నాకు అన్నిటికన్నా ధైర్యమిచ్చిన సంగతి ఇది. అమెరికాలో హిరోఫుమి తనకా బృందం నడివయసు, ఆపై వయసు మగవాళ్లను, అంతవరకు ఏ వ్యాయామం ఎరగనివాళ్లను, మూడు నెలలకు పైగా నడిపించింది. 2000లో వెలువడిన ఆ ఫలితాల్లో వాళ్ల మెడ ధమని సాగే గుణం, ఏళ్ల తరబడి కసరత్తు చేస్తున్న అదే వయసువాళ్ల స్థాయికి చేరింది. బరువు తగ్గలేదు, బీపీ మారలేదు, అయినా నాళం మెత్తబడింది! పొట్ట తగ్గలేదని నెలకే నడక మానేసేవాళ్లకు ఈ మాట చెప్పాలి. చేను కౌలుకిచ్చి అరుగెక్కిన మన పెద్దలకు మరీ చెప్పాలి. నలభై ఏళ్లు నాగలి పట్టిన కష్టం నాళంలో ఎప్పటికీ నిల్వ ఉండదు. ఇప్పుడు ఎంత నడుస్తున్నారన్నదీ లెక్కే.

★ నడిచేటప్పుడు జోరుగా పారే రక్తం నాళం లోపలి పొరను రాస్తూ పోతుంది. ఆ రాపిడికి పొర నైట్రిక్ ఆక్సైడ్ వదులుతుంది, నాళం వదులవుతుంది. యూరియాలో ఉండే నత్రజనే ఇక్కడ ఆక్సిజన్‌తో జతకట్టింది. దీని గుట్టు విప్పినందుకు 1998లో ముగ్గురికి నోబెల్ వచ్చింది.

★ ఆడవాళ్ల విషయంలో మేలు ఇంత తేలిగ్గా రాదు. ముట్లుడిగాక ఈస్ట్రోజెన్ హార్మోన్ తగ్గడంతో, ఆ లోపలి పొరకు వ్యాయామం వల్ల మగవాళ్లంత లాభం కొన్ని పరిశోధనల్లో కనిపించలేదు. బీపీకి, చక్కెరకు, కండకు మాత్రం నడక మేలు చేస్తుంది. పొద్దంతా వంగి పత్తి ఏరే అమ్మలకు "మీకిక నడకెందుకు" అనడం నాకు నచ్చదు. నడుము వంచి నిలబడే పని వేరు, చేతులూపుతూ ఊపిరి ఎగిసేలా నడవడం వేరు.

★ గుంటూరు మిరప సంగతి? కారాన్ని పసిగట్టే గ్రాహకాన్ని 1997లో కనుక్కున్న డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. ఆ గ్రాహకం నాళాల గోడల్లోనూ ఉంది. మిరపలోని క్యాప్సైసిన్ కలిపిన మేత తిన్న అధిక రక్తపోటు ఎలుకలకు నాళాలు వదులై, బీపీ తగ్గిందని 2010లో తేలింది. మనుషులకు ఇది ఇంకా రుజువు కాలేదు. పైగా మన కారం ఒంటరిగా రాదు, ఆవకాయలో, గోంగూర పచ్చడిలో ఉప్పును వెంటేసుకొస్తుంది. ఉప్పుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు రోజుకు 5 గ్రాముల లోపు.

★ ఎంత నడవాలి? వారానికి కనీసం 150 నిమిషాలు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. రెంటచింతల ఎండల్లో అయితే తెల్లవారకముందే ముగించాలి. ఛాతీలో పట్టేసినట్టుంటే వెంటనే ఆగి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లకు కీళ్లు బిగిసినవాళ్లకు సైకిలు తొక్కడం తేలిక కావచ్చు.

★ చీరాల దగ్గర వాడరేవు ఇసుకలో నడిచి చూడండి. గట్టి నేల మీదికన్నా రెట్టింపు పైగా శక్తి ఖర్చవుతుంది. మోకాళ్లు బాగున్నవాళ్లే సుమా.