హెడ్‌సెట్‌తో సంగీత పాఠం

కీబోర్డు నేర్చుకునే పిల్లలు ఈమధ్య హెడ్‌సెట్ కావాలని అడుగుతున్నారు. కొనవచ్చునా అని తల్లిదండ్రులు మమ్మల్ని అడుగుతున్నారు. అది ఏం చేస్తుందో ముందు తెలుసుకోవడం మంచిది.

ఎదుట ఉన్న వస్తువు మీదే కంప్యూటరు బొమ్మ ఉన్నట్లు చూపడాన్ని ఆగ్మెంటెడ్ రియాలిటీ అంటారు. 1990ల ఆరంభంలో బోయింగ్ విమాన సంస్థలో పనిచేసిన థామస్ కాడెల్ ఈ పేరు పెట్టారు. విమానంలో ఏ తీగ ఎటు పోవాలో పనివారికి కళ్ళ ముందే చూపాలన్నది అప్పటి ఆలోచన. సంగీతంలో ఏ వేలు ఎక్కడ పడాలో చూపుతారు, అంతే తేడా.

ఉదాహరణకు మెటా క్వెస్ట్ హెడ్‌సెట్‌లో పనిచేసే పియానోవిజన్. మన కీబోర్డు ఎక్కడున్నదో మొదట దానికి గుర్తు చూపాలి. ఆపైన రంగు పట్టీలు జారుతూ వచ్చి నొక్కవలసిన మీట మీద పడతాయి. కీబోర్డును మిడి కేబుల్‌తో కలిపితే తప్పొప్పులు కూడా తెలుస్తాయి. మొదటి వారంలోనే పాట వచ్చేసినట్లుంటుంది. పిల్లలకు ఉత్సాహం రావడం సహజమే.

చిక్కు ఇక్కడే ఉంది. సాల్మోనీ, ష్మిట్, వాల్టర్ అనే పరిశోధకులు 1984లో చేతి పనుల అభ్యాసాన్ని సమీక్షించారు. ప్రతిసారీ సూచన అందితే అభ్యాసం బాగా సాగుతుంది గాని, సూచన తీసేశాక నేర్చినది అంతగా నిలవదని వారు గమనించారు. పట్టీలను చూసి వాయించే పిల్లవాడు పట్టీలనే నేర్చుకుంటున్నాడేమో!

మన సంగీతానికి మరో ఇబ్బంది. వీణకు 24 మెట్లు. వేలు ఏ మెట్టు మీద ఉంచాలో బొమ్మ చూపగలదు. కాని తోడి రాగంలో గాంధారం ఊగాలి. కదలకుండా నిలిపితే అది తోడి అనిపించుకోదు. తీగను పక్కకు ఎంత లాగాలో చెవి చెప్పాలి, ఆ చెవిని గురువు తయారుచేయాలి. వయొలిన్‌కు మెట్లే లేవు. త్యాగరాజ కృతులు నేర్చుకునే మన పిల్లలకు ఈ పరికరం చేసే సాయం కొంచెమే.

అందువల్ల సొమ్ము పరిమితంగా ఉన్నవారు మొదట మంచి వాయిద్యం, తరువాత గురువు ఫీజు చూసుకోవాలి. హెడ్‌సెట్ చివరి మాట. క్వెస్ట్ 3 బరువు 515 గ్రాములు. గంటసేపు పెట్టుకుంటే మెడ నొప్పి రావచ్చు. పదేళ్ళు నిండని పిల్లలకు మెటా వారు అనుమతించరు.

ఇప్పటికే కొన్నవారు ఒక పని చేయండి. పట్టీలతో రెండుసార్లు వాయించాక హెడ్‌సెట్ తీసి అదే పాట మూడోసారి వాయించమనండి. ఆగిన చోటు పెన్సిలుతో గుర్తుపెట్టి, మరునాడు గురువుగారికి చూపించండి.