అతుకు గట్టిదైతేనే కాలువకు నీరు
ప్రభుత్వ కొలువులో వెల్డరు పని ఏమిటి? అర్హతలేమిటి?

కర్నూలు జిల్లా రైతాంగం 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రిని అంత తేలిగ్గా మరచిపోదు. హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యాము 19వ నంబరు గేటు గొలుసు ఆ రాత్రి తెగింది. గేటు కొట్టుకుపోయింది. అప్పటికి డ్యాము నిండుగా ఉంది. దిగువ కాలువను నమ్ముకున్న ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల రైతులు, ఎగువ కాలువను నమ్ముకున్న అనంతపురం జిల్లా రైతులు ఏటిపాలవుతున్న నీళ్లను తలచుకుని నిద్ర లేకుండా గడిపారు.

గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు సారథ్యంలో ఇంజనీర్లు ఉపాయం పన్నారు. నీరు పారుతుండగానే గేటు స్థానంలో ఉక్కు పలకలను ఒకదానిపై ఒకటి దించాలన్నది ఆ ఉపాయం. వీటిని స్టాప్‌లాగ్ అంటారు. దగ్గరి కర్మాగారాల్లో పలకలు తయారయ్యాయి. ఆగస్టు 17 నాటికి ఖాళీ మూతపడింది. డ్యాములో మిగిలిన నీరు నిలిచింది.

ఆ ఉక్కును కోసి, అతికి, పలకలుగా నిలిపినవారు వెల్డర్లు. వారి పేర్లు జనానికి తెలియవు. వారి అతుకులు మాత్రం వరద తాకిడికి నిలిచాయి. డ్యాము గేటు అయినా, ఆర్టీసీ బస్సు అయినా, రైలు పట్టా అయినా, ఊరి మంచినీటి గొట్టమైనా నిలిచేది ఇలాంటి అతుకు మీదనే.

బిందెకు మాటు కాదు

బిందెకు వేసిన మాటు ఊడితే ఇంట్లో నీళ్లు కారతాయి. గేటుకు వేసిన అతుకు ఊడితే వేల ఎకరాలు ఎండుతాయి. ప్రభుత్వ పనిలో ఉన్న వెల్డరుకు ఈ తేడా తెలిసి ఉండాలి.

వెల్డరంటే రాడ్డు పట్టి నిప్పురవ్వలు రాల్చేవాడని చాలామంది అనుకుంటారు. నిజానికి రాడ్డు అంటించకముందే సగం పని జరుగుతుంది. ముందుగా నక్షా చదవాలి. ఏ ఇనుము, ఎంత మందం, ఎంత బరువు మోస్తుంది అన్నది చూడాలి. తుప్పు, రంగు, నూనె జిడ్డు గీకి ఇనుము తళతళలాడేలా చేయాలి. మందపు పలక అయితే అంచులను ఏటవాలుగా అరగదీయాలి. అప్పుడే లోహం కరిగి అడుగుదాకా దిగుతుంది. పైపైన పూసిన అతుకు చూడటానికి నున్నగా ఉంటుంది, లోపల మాత్రం బోలుగా ఉంటుంది.

రాడ్డు ఎంపిక మరో మెళకువ. గట్టి పనులకు వాడే కొన్ని రకాల రాడ్లను పొయ్యి వంటి పెట్టెలో వేడి చేసి, చెమ్మ లేకుండా చూసి వాడాలి. చెమ్మ పట్టిన రాడ్డుతో వేసిన అతుకులో హైడ్రోజన్ చేరుతుంది. ఆ పగులు అప్పటికప్పుడు కనిపించకపోవచ్చు. కొన్ని గంటల తర్వాత, ఒక్కోసారి మర్నాడు బయటపడుతుంది. వానాకాలంలో ఆరుబయట గేటు మరమ్మతు చేసేటప్పుడు ఈ జాగ్రత్త మరీ ముఖ్యం.

ఎక్కడికక్కడ వేరు జాగ్రత్త

నీటి గేటు దగ్గర రబ్బరు సీళ్లు ఉంటాయి. వాటిని విప్పకుండా పక్కనే వెల్డింగ్ చేస్తే కాలిపోతాయి, గేటు కారుతుంది. ఒకే వైపు అదేపనిగా వేడి తగిలితే పలక వంకర తిరిగి గాడిలో ఇరుక్కుంటుంది. అందుకే అటు కొంత, ఇటు కొంత వేసుకుంటూ పోవాలి.

ఆర్టీసీ డిపోలో బస్సుకు వెల్డింగ్ చేసేముందు బ్యాటరీ తీగలు విప్పాలి. డీజిలు ట్యాంకు దగ్గర పని అయితే ట్యాంకును తీసి పక్కన పెట్టాలి. ఇసుక బకెట్టు, మంటలార్పే సిలిండరు చేతికందే దూరంలో ఉండాలి. పని ముగిశాక కూడా కొంతసేపు అక్కడే ఉండి ఎక్కడైనా నిప్పు రాజుకుంటుందేమో చూడాలి.

తన ఒంటిని, సహాయకుని కాపాడుకోవడం కూడా విధి కిందికే వస్తుంది. నల్ల అద్దం లేకుండా వెలుగు చూస్తే రాత్రికి కళ్లలో ఇసుక పోసినట్టు మంట పుడుతుంది. జింకు పూత ఉన్న ఇనుము కాలినప్పుడు వచ్చే పొగ జ్వరం తెప్పిస్తుంది. తడి నేల మీద నిలబడి పని చేస్తే కరెంటు ప్రాణం తీస్తుంది.

చదువు ఎంత కావాలి?

ఐటీఐలో వెల్డరు కోర్సు ఒక సంవత్సరం. ఎనిమిదో తరగతి పాసైనవారు చేరవచ్చు. పరీక్ష గట్టెక్కితే జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్ వస్తుంది. తర్వాత 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద రైల్వేలో, ఆర్టీసీ డిపోల్లో, ప్రభుత్వరంగ కర్మాగారాల్లో నెలనెలా భృతి తీసుకుంటూ పని నేర్చుకోవచ్చు. రైల్వే టెక్నీషియన్ పోస్టుకు మాత్రం పదో తరగతి, దానితో పాటు ఐటీఐ గాని, అప్రెంటిస్ పూర్తి చేసిన ధ్రువపత్రం గాని కావాలి. కనుక పదో తరగతి మధ్యలో మానేసిన కుర్రవాడు ముందు దాన్ని పూర్తి చేసుకోవడం మేలు.

కాగితం చేతికొచ్చినంత మాత్రాన అన్ని పనులూ అప్పగించరు. పెద్ద పనులకు విడిగా చేతి పరీక్ష ఉంటుంది. భారత ప్రమాణాల్లో ఐఎస్ 7310 వెల్డర్ల పరీక్షకు సంబంధించినదే. పలకను నేల మీద పరచి అతకడం ఒక పరీక్ష, నిలువుగా పెట్టి అతకడం మరొకటి, తలపైన పెట్టి అతకడం ఇంకొకటి. కదలకుండా ఏటవాలుగా బిగించిన గొట్టాన్ని చుట్టూ తిరుగుతూ అతకడం అన్నిటికంటే కష్టం. అతికిన ముక్కను కోసి, వంచి చూస్తారు. పగిలితే తప్పినట్టే. కడప జిల్లాలోని రాయలసీమ థర్మల్ కేంద్రం వంటి చోట్ల బాయిలరు గొట్టాలను ముట్టుకోవాలంటే బాయిలరు నిబంధనల కింద విడిగా పొందిన ధ్రువపత్రం ఉండాలి. దానికి గడువూ ఉంటుంది.

పట్టా మీద వెల్డరు గుర్తు

రైల్వేలో ఒక మంచి పద్ధతి ఉంది. గుంతకల్లు మీదుగా పోయే ప్రయాణికులు కిటికీలోంచి చూసినా ఇది కంటపడదు. రెండు పట్టాలను కలపడానికి అల్యూమినియం పొడి, ఇనుప ఆక్సైడు కలిపి మండిస్తారు. వేడి సుమారు 2500 డిగ్రీలకు పోతుంది. కరిగిన ఉక్కు పట్టాల సందులోకి దిగి గట్టిపడుతుంది. దీన్నే థర్మిట్ వెల్డింగ్ అంటారు. ప్రతి అతుకు దగ్గరా నెల, సంవత్సరం, వెల్డరు సంకేత సంఖ్య గుర్తు వేస్తారు. తర్వాత శబ్ద తరంగాలతో లోపలి లోపాలను వెదుకుతారు. ఎప్పుడైనా ఆ అతుకు విరిగితే, ఎప్పుడు వేసింది, ఎవరు వేసింది ఇట్టే తెలిసిపోతుంది. ఆ గుర్తు ఉన్నంతకాలం వెల్డరు తన పనికి జవాబుదారీ.

ఈ లెక్క మన ఊరి తూముకూ కావాలి. పిల్లకాలువ షట్టరు విరిగితే ఎవరో ఒకరిని పిలిచి రెండు టాకాలు వేయించి, తాత్కాలికంగా గట్టెక్కడం గ్రామాల్లో తెలియని సంగతి కాదు. మరుసటి కారు మధ్యలో అదే చోట విరిగితే అడగడానికి పేరుండదు, తేదీ ఉండదు. 1997 చట్టంతో నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. కాలువల నిర్వహణలో వాటికి పాత్ర ఉంది. పని చేయించేటప్పుడు సంఘం మూడు మాటలు అడిగితే చాలు. వెల్డరుకు ధ్రువపత్రం ఉందా? అతుకును ఎవరు పరీక్షించారు? పుస్తకంలో పేరు, తేదీ రాశారా?

పరీక్ష ఖరీదైనది కానక్కరలేదు. ఎర్ర రంగు ద్రవం పూసి తుడిచి, తెల్ల పొడి చల్లితే పైకి తెరుచుకున్న సన్నని పగులు కూడా ఎర్రగీతలా కనిపిస్తుంది. పెద్ద గేట్లకైతే శబ్ద తరంగాల పరీక్ష, ఎక్స్‌రే పరీక్ష ఉన్నాయి.

తుంగభద్ర డ్యాము 1953 నాటిది. కొట్టుకుపోయిన గేటు సుమారు 70 ఏళ్లు నీటిని ఆపింది. ఆ తర్వాత మొత్తం 33 గేట్లనూ మార్చాలని నిర్ణయించారు. ఏ గేటుకైనా ఏటేటా చూసుకునే చేతులు కావాలి. నీటిపారుదల శాఖలో గేట్ల పనికి శిక్షణ పొందిన వెల్డర్లను, ఫిట్టర్లను సరిపడా ఉంచడం, ఎండాకాలంలోనే తనిఖీ ముగించడం ప్రభుత్వం చేయవలసిన పని. వరద వచ్చాక వెల్డరును వెతుక్కుంటూ పోవడం రైతుకూ ఖజానాకూ నష్టమే.